పాలిమర్ల మీద అయాన్ ఇంప్లాంటేషన్: పైపొర లోతు తెలుసుకుని చేసే పద్ధతి

ఆవేశమున్న పరమాణువులను, అంటే అయాన్లను, వేగంగా పంపి ప్లాస్టిక్ లాంటి పాలిమర్ పైపొరలోకి దించి దాని గుణాలు మార్చడమే అయాన్ ఇంప్లాంటేషన్. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చిన నైట్రోజన్ అయాన్ పాలికార్బొనేట్‌లోకి దిగే లోతు పావు మైక్రాన్‌కీ మూడో వంతు మైక్రాన్‌కీ మధ్య ఉంటుంది. మన చేతిలో ఉన్న షీటు మందమేమో 250 మైక్రాన్లు. షీటులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మారుతుంది. మిగతాదంతా కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పలాసలో జీడిగింజ కాల్చినప్పుడు పెంకు మాడి, లోపలి పప్పు తెల్లగా మిగిలినట్టన్నమాట. ఈ పనిలో దొర్లే తప్పుల్లో చాలా వాటికి మూలం ఈ సంగతి మరచిపోవడమే. మారింది పెంకు, మనం కొలిచేది మొత్తం గింజ. అందుకే ఈ వ్యాసంలో ప్రతి మెట్టులోనూ ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ పరికరం ఎంత లోతు చూస్తోంది?

ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీలోనో, విజయనగరం జేఎన్‌టీయూలోనో ఎంఎస్సీ ప్రాజెక్టు, పీహెచ్‌డీ మొదలుపెట్టేవారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాం. అయాన్ కిరణం కోసం భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రం, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ లాంటి చోట్ల ప్రతిపాదన పెట్టుకుని బీమ్ సమయం తీసుకోవాలి. ఆ సమయం గంటల లెక్కన దొరుకుతుంది. కాబట్టి శాంపిల్ తయారీ, లెక్కలు, ఇంప్లాంట్‌కు ముందు కొలతలు అన్నీ ఇక్కడే ముగించుకుని రైలెక్కాలి.

ముందు లోతు లెక్క

జేమ్స్ జీగ్లర్ బృందం తయారుచేసిన స్రిమ్ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు విండోస్ కంప్యూటర్‌లో నడుస్తుంది. అయాన్, శక్తి, పాలిమర్ పరమాణువుల నిష్పత్తి, సాంద్రత ఇస్తే లోతు చెబుతుంది. నిష్పత్తులు ఇవి: పాలికార్బొనేట్‌కు కార్బన్ 16, హైడ్రోజన్ 14, ఆక్సిజన్ 3, పీఎంఎంఏకు (యాక్రిలిక్) 5, 8, 2, పీఈటీకి (నీళ్ల సీసాల ప్లాస్టిక్) 10, 8, 4. సాంద్రతలు వరుసగా ఘన సెంటీమీటరుకు 1.20, 1.18, సుమారు 1.39 గ్రాములు. ప్రోగ్రామ్ తనంతట తాను వేసుకునే సాంద్రతను నమ్మకండి. తేలిక మూలకాలకు అది తరచుగా తప్పుతుంది, సాంద్రత తప్పితే లోతూ అదే నిష్పత్తిలో తప్పుతుంది. కనీసం 5000 అయాన్లు నడిపి, సగటు లోతు, దాని చుట్టూ విస్తరణ రెండూ రాసుకోండి. ఆ రెంటి మొత్తాన్ని మారిన పొర మందంగా తీసుకోవచ్చు. ఇకమీదట లెక్కల్లో 0.35 మైక్రాన్ అనుకుందాం.

అదే శక్తిలో ఆర్గాన్ అయితే లోతు ఇందులో సగానికి అటూఇటూ ఉంటుంది. ఆర్గాన్ బరువైనది. కేంద్రకాలను గుద్ది పరమాణువులను చోటు తప్పించడంలో అది ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. నైట్రోజన్, హీలియం లాంటి తేలిక అయాన్లు ఎక్కువ శక్తిని ఎలక్ట్రాన్లకు ఇస్తాయి. ఎలక్ట్రాన్లకు అందిన శక్తి వల్ల పక్కపక్క గొలుసులు అతుక్కునే అవకాశం ఎక్కువ. కేంద్రకాలకు అందిన శక్తి వల్ల గొలుసులు తెగి ముక్కలవడం ఎక్కువ. ఒకే లోతులో రెంటినీ పోల్చాలంటే శక్తులు వేరువేరుగా ఎంచుకోవాలి.

స్రిమ్‌కు ఒక పరిమితి ఉంది. మొదటి అయాన్ నుంచి చివరి అయాన్ దాకా పాలిమర్ మారలేదనే అది అనుకుంటుంది. నిజానికి హైడ్రోజన్ ఎగిరిపోయి పొర కుదించుకుపోతుంది, సాంద్రత పెరుగుతుంది, తర్వాత వచ్చే అయాన్లు అంత లోతుకు దిగవు. చదరపు సెంటీమీటరుకు 10¹⁶ అయాన్లు దాటిన శాంపిళ్లకు స్రిమ్ లోతును గరిష్ఠ అంచనాగా మాత్రమే వాడండి.

డోస్ ఎంత?

చదరపు సెంటీమీటరు మీద మొత్తం ఎన్ని అయాన్లు పడ్డాయో అది ఫ్లూయెన్స్, దాన్నే ఇక్కడ డోస్ అంటున్నాం. 10¹³ నుంచి 10¹⁶ వరకు అన్న వరుస చాలాచోట్ల కనిపిస్తుంది కానీ, ఆ అంకెలే ఎందుకో లెక్కేస్తేగాని తెలియదు.

చదరపు సెంటీమీటరు విస్తీర్ణంలో, 0.35 మైక్రాన్ల పాలికార్బొనేట్ పొరలో ఉండే పరమాణువులు దాదాపు 3.3 × 10¹⁸. 10¹⁵ అయాన్లు, ఒక్కొక్కటి లక్ష ఎలక్ట్రాన్ వోల్టులతో వస్తే మొత్తం 10²⁰ ఎలక్ట్రాన్ వోల్టులు. పంచితే ఒక్కో పరమాణువు వాటా సుమారు 30 ఎలక్ట్రాన్ వోల్టులు. కార్బన్-హైడ్రోజన్ బంధం తెగడానికి కావలసింది 4.3, కార్బన్-కార్బన్ ఒంటి బంధానికి 3.6 చిల్లర. అంటే 10¹⁵ దగ్గర ఆ పొరలో పాత పాలికార్బొనేట్ అనేది దాదాపు మిగలదు. 10¹³ దగ్గర పరమాణువుకు 0.3 మాత్రమే, అక్కడక్కడా బంధాలు తెగుతాయి, గొలుసు నిర్మాణం మాత్రం గుర్తుపట్టేలా నిలుస్తుంది. అసలు కథ ఈ రెండు అంకెల మధ్యే నడుస్తుంది. కాబట్టి శాంపిళ్లను అక్కడ దగ్గరదగ్గరగా పెట్టండి: 10¹³, 3 × 10¹³, 10¹⁴, 3 × 10¹⁴, 10¹⁵, ఆపైన 5 × 10¹⁵, 10¹⁶. వీటికి తోడు అసలు ఇంప్లాంట్ చేయని శాంపిళ్లు కనీసం రెండు. అందులో ఒకటి మిగతావాటితోపాటు వాక్యూమ్ చాంబర్‌లోకి వెళ్లి, కిరణం పడకుండానే బయటికి రావాలి. వాక్యూమ్ వల్ల, ప్రయాణం వల్ల వచ్చిన మార్పును విడదీయడానికి అదే సాక్షి.

ఇదే శక్తిని రేడియేషన్ మోతాదుగా మార్చితే 10¹⁵ దగ్గర సుమారు 380 మెగాగ్రేలు. ఆస్పత్రి సిరంజీలను శుద్ధి చేసే గామా మోతాదు 25 కిలోగ్రేలు. దానికి 15 వేల రెట్లు. గామా కిరణాలతో వచ్చిన ఫలితాలను పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి. 10¹⁵ నైట్రోజన్ అయాన్లంటే పొరలోని పరమాణువుల్లో 0.03 శాతం. రంగు మారిందంటే కారణం లోపల చేరిన నైట్రోజన్ కాదు, అది తెచ్చి దించిన శక్తి. నైట్రోజన్ రసాయనం మాట్లాడాలంటే 10¹⁷ దగ్గరికి పోవాలి, అప్పుడు గానీ వాటా 3 శాతానికి చేరదు. వెండి, రాగి లాంటి లోహ అయాన్ల దారి వేరు. 10¹⁶ దాటాక వాటి పరమాణువులు నానో కణాలుగా గుమిగూడతాయి, వెండికైతే 400-450 నానోమీటర్ల ప్రాంతంలో ప్లాస్మాన్ శిఖరం (లోహ కణంలోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగడం వల్ల వచ్చే శోషణ) కనిపిస్తుంది. దాన్ని కార్బన్ వల్ల వచ్చే గోధుమ రంగు శోషణ నుంచి విడదీయాలంటే, అంతే నష్టం కలిగించే ఆర్గాన్ శాంపిల్‌ను పక్కన పెట్టుకోవాలి.

శాంపిల్ తయారీ

సైన్‌బోర్డులు చేసే దుకాణాల్లో యాక్రిలిక్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి. ఆప్టికల్ పనికి అవి పనికిరావు. ఎండకు పచ్చబడకుండా వాటిలో అతినీలలోహిత కిరణాలను పీల్చే రసాయనం కలిపి ఉండడం మామూలే. అలాంటి షీటు దాదాపు 380 నానోమీటర్ల కింద వెలుగును లోపలికి రానివ్వదు. మీరు వెతికే శోషణ అంచు మార్పు సరిగ్గా ఆ మరుగులోనే పోతుంది. కొనే ముందు చిన్న ముక్కకు స్పెక్ట్రమ్ తీసి చూడండి: కలుపులేని పీఎంఎంఏ 300 నానోమీటర్ల దగ్గర కూడా వెలుగును బాగా వదులుతుంది. పాలికార్బొనేట్‌ది మరో రకం ఇబ్బంది. దాని బెంజీన్ వలయాల వల్ల 290 నానోమీటర్ల కింద మందమైన షీటు పూర్తిగా చీకటి. అక్కడ శోషణ 3 దాటుతుంది (వెయ్యిలో ఒక వంతు వెలుగు కూడా అవతలికి రాదు), పరికరం ఇచ్చే అంకెలకు అర్థం ఉండదు.

ఈ చిక్కులన్నీ ఒకేసారి తప్పించుకునే దారి, ఫ్యూజ్డ్ సిలికా (అతినీలలోహితాన్ని కూడా వదిలే గాజు) పలక మీద పీఎంఎంఏ పలుచని పొర వేసుకోవడం. పొర మందాన్ని అయాన్ లోతుకు సమానంగా, 300-350 నానోమీటర్లకు తెచ్చుకుంటే పొర మొత్తం మారుతుంది. మారని భాగం అనే బెడద ఉండదు. టాల్యీన్‌లో బరువు ప్రకారం 5 నుంచి 8 శాతం పీఎంఎంఏ కరిగించి, 0.45 మైక్రాన్ల టెఫ్లాన్ ఫిల్టర్‌తో వడకట్టి, నిమిషానికి 2000 చుట్ల దగ్గర స్పిన్ కోటింగ్ (పలకను గిరగిర తిప్పుతూ ద్రావణాన్ని పరచడం) మొదలుపెట్టండి. మందం అణుభారాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అంచున సూదితో గీత గీసి ఎత్తుపల్లాలు చెప్పే ప్రొఫైలోమీటర్‌తో కొలిచి, వేగాన్ని సరిచేసుకోవాలి. పలుచబడాలంటే వేగం పెంచండి. అదే ద్రావణాన్ని సిలికాన్ ముక్క మీద కూడా వేసుకోండి, ఎలిప్సోమెట్రీకి (ప్రతిఫలించిన వెలుగు ధ్రువణాన్ని బట్టి పొర మందం, వక్రీభవన గుణకం చెప్పే కొలత), పరారుణ కొలతకు అది పనికొస్తుంది.

మన తీరంలో ఒక ప్రత్యేక సమస్య ఉంది. జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో తేమ బాగా ఎక్కువ. క్లోరోఫాం, ఎసిటోన్ లాంటివి చురుగ్గా ఆవిరవుతూ ఫిల్మ్ పైభాగాన్ని చల్లబరుస్తాయి, గాలిలోని తేమ దాని మీద చెమ్మగా పడుతుంది, ఫిల్మ్ పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు చిన్నచిన్న రంధ్రాల వల్ల వచ్చేది, ఆరబెట్టినా పోదు. నెమ్మదిగా ఆవిరయ్యే టాల్యీన్ వాడండి, పెట్రి డిష్ మీద ఫిల్టర్ పేపర్ కప్పండి, వీలైతే సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లోనే ఆరనివ్వండి. ఏసీ గదిలో చేస్తే సగం సమస్య తీరుతుంది. టాల్యీన్ ఆవిరి పీల్చకూడదు, మండే గుణం కూడా ఉంది కాబట్టి ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

తర్వాత వాక్యూమ్ ఓవెన్‌లో 80-90 డిగ్రీల దగ్గర రాత్రంతా. పీఎంఎంఏ మెత్తబడేది 105 డిగ్రీల దగ్గర కాబట్టి ఆ గీత దాటకండి. ద్రావకం మిగిలిపోతే చాంబర్‌లో వాక్యూమ్ ఎంతకీ దిగదు, పైగా మిగిలిన టాల్యీన్ వలయాలే అయాన్ తాకిడికి రంగు తెచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.

షీటు వాడేవారు రక్షణ పొరను చివరి నిమిషంలో తీయాలి. జిగురు అంటి ఉంటే కొద్ది సబ్బునీళ్లు, ఆపైన డిస్టిల్డ్ వాటర్, నైట్రోజన్ గాలి చాలు. ఎసిటోన్ పీఎంఎంఏను కరిగిస్తుంది, పాలికార్బొనేట్‌ను తెల్లబరచి పగుళ్లు తెస్తుంది. ముక్క సైజు 12 × 30 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మామూలు కువెట్ (ద్రవం పోసి కొలిచే చిన్న గాజు పెట్టె) గూట్లో నిలబడుతుంది. చుట్టుపక్కల బీఫార్మసీ కాలేజీల్లో ఉండే యూవీ-విజిబుల్ పరికరాల్లో ఉండేది ఆ గూడే కాబట్టి ఈ కొలత గుర్తుపెట్టుకోండి. వాటిలో వెలుగు కిరణం అడుగు నుంచి 8.5 లేదా 15 మిల్లీమీటర్ల ఎత్తున పోతుంది. ఇంప్లాంట్ అయ్యే భాగం ఆ ఎత్తును కప్పేలా చూసుకోవాలి. పై అంచున 5 మిల్లీమీటర్లు రేకుతో కప్పి వదిలేయండి, మారిన భాగానికీ మారని భాగానికీ మధ్య ఏర్పడే మెట్టును తర్వాత కొలవొచ్చు. ఒక మూల కత్తిరించి గుర్తు పెట్టుకోకపోతే, 10¹³ శాంపిల్‌లో ఏ ముఖం మీద కిరణం పడిందో కంటికి తెలియదు.

శాంపిళ్లను గాజు డబ్బాలో సిలికా జెల్‌తో తీసుకెళ్లాలి. పీవీసీ కవర్లలోని మెత్తబరిచే రసాయనం శాంపిల్ మీదికి పాకుతుంది. మే నెలలో ఎండలో ఆగిన కారులో వదిలితే పీఈటీ మెత్తబడే 70-80 డిగ్రీలకు దగ్గరవుతుంది.

బీమ్ దగ్గర

కరెంటు ఎంత తీసుకోవాలన్నదే ఇక్కడ ప్రధాన నిర్ణయం. చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రో ఆంపియర్ అంటే సెకనుకు 3.1 × 10¹² అయాన్లు. 10¹⁵ చేరడానికి 5 నిమిషాల 20 సెకన్లు, 10¹⁶ చేరడానికి 53 నిమిషాలు. 10¹³ మాత్రం 3 సెకన్లలో అయిపోతుంది, షట్టర్ తెరిచి మూసేలోపే డోస్ సగానికి సగం తప్పొచ్చు. చిన్న డోసులకు కరెంటును పదో వంతుకు, 0.05కు దించండి. ఆ సంగతి నోట్‌బుక్‌లో రాయండి, ఎందుకంటే కరెంటు మారితే వేడీ మారుతుంది.

వేడి లెక్క ఇది. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 1 మైక్రో ఆంపియర్ అంటే చదరపు సెంటీమీటరుకు 0.1 వాట్. వినడానికి చిన్నదే. కానీ వాక్యూమ్‌లో గాలి లేదు. హోల్డర్‌కు అంటుకోకుండా వేలాడే పలుచని ఫిల్మ్ రెండు ముఖాల నుంచీ ఉష్ణ వికిరణంతోనే చల్లబడాలి. ఆ లెక్కన అది దాదాపు 90 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. 0.5 మైక్రో ఆంపియర్‌కు 65 డిగ్రీలు. 5 మైక్రో ఆంపియర్లు పెడితే 200 దాటి, పాలికార్బొనేట్ కూడా వంకరపోతుంది. బీమ్ సమయం తక్కువుందని కరెంటు పెంచితే మీరు చూసేది అయాన్ ప్రభావమా, వేడి ప్రభావమా తేలదు. 0.5 దాటకపోవడం మంచిది. శాంపిల్‌ను రాగి హోల్డర్‌కు వెనక నుంచి కార్బన్ టేపుతో పూర్తిగా అంటించాలి, మధ్యలో గాలి బుడగ ఉండకూడదు.

ఛార్జ్ మరో చిక్కు. పాలిమర్ విద్యుత్ నిరోధకం. పడిన ధనావేశం పోవడానికి దారి లేక పైన పేరుకుంటుంది. కొన్ని కిలోవోల్టులు పేరుకుంటే వచ్చే అయాన్లను పక్కకు తోస్తుంది, మెరుపులా స్పార్క్ కొట్టి చెట్టుకొమ్మల ఆకారంలో గీతలు వేస్తుంది. శాంపిల్ చుట్టూ అంచులు కప్పేలా లోహపు ఫ్రేమ్ బిగించి దాన్ని హోల్డర్‌కు కలపండి. చిన్న కరెంటుతో మొదలుపెట్టండి. 10¹⁵ ప్రాంతానికి పైపొరలో కార్బన్ జతకూడి, తానే కాస్త విద్యుత్ వాహకంగా మారుతుంది, అక్కణ్నుంచి ఇబ్బంది తగ్గుతుంది. పైన బంగారం పూత వేసే ఆలోచన మానుకోండి. అయాన్లు ఆ బంగారాన్ని లోపలికి గుద్దుతాయి.

శాంపిల్ గుండా కరెంటు కొలవడం నమ్మదగింది కాదు. పక్కన ఉన్న, అయాన్ల ఆవేశాన్ని పట్టి కొలిచే లోహపు గిన్నె లాంటి ఫారడే కప్‌తోనో, లోహపు ఫ్రేమ్‌తోనో కొలవాలి. ఫ్రేమ్ ముందు రుణ వోల్టేజి ఉన్న సప్రెసర్ రింగ్ పనిచేస్తోందో లేదో అడిగి తెలుసుకోండి. అది లేకపోతే లోహం నుంచి ఎగిరే ద్వితీయ ఎలక్ట్రాన్లు కూడా ధన కరెంటుగానే లెక్కలోకి వస్తాయి. మీటరు ఎక్కువ చూపిస్తుంది, శాంపిల్ మీద పడింది తక్కువ. ఇంకో ప్రశ్న కూడా అడగాలి: వస్తున్నది ఒంటి నైట్రోజన్ అయానా, జంట నైట్రోజన్ అణువు అయానా? జంటగా వస్తే తాకగానే విడిపోయి, ఒక్కో పరమాణువుకు సగం శక్తే దక్కుతుంది. లోతు తగ్గుతుంది, పరమాణువుల లెక్క రెట్టింపవుతుంది. పైగా ద్రవ్యరాశి 28 దగ్గర కార్బన్ మోనాక్సైడ్ కూడా దానితో కలిసి రావచ్చు.

కిరణం పడుతున్నప్పుడు వాక్యూమ్ గేజ్ మీద కన్నుంచండి. మొదటి నిమిషాల్లో ఒత్తిడి ఎగబాకడం సహజం, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, పాలికార్బొనేట్ అయితే కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికొస్తాయి. 10⁻⁶ మిల్లీబార్ ప్రాంతంలో మొదలైనది పదింతలు దాటితే ఆపి, కాసేపాగి, తక్కువ కరెంటుతో కొనసాగించండి.

వెలుగు కొలత

రంగు మార్పే మొదట కనిపించేది: లేత పసుపు, తేనె రంగు, గోధుమ, 10¹⁶ దగ్గరికి లోహపు మెరుపున్న నలుపు. దీని వెనక కారణం సూటిగానే ఉంది. హైడ్రోజన్ పోయిన కార్బన్లు ఒకదానితో ఒకటి జంట బంధాలు కట్టుకుంటాయి. ఆ జంట బంధాల వరుస ఎంత పొడవైతే అంత తక్కువ శక్తి వెలుగును పీల్చుకుంటుంది, శోషణ అంచు అతినీలలోహితం నుంచి కంటికి కనిపించే వైపు జరుగుతుంది.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేసే లెక్క. శోషణ గుణకం ఆల్ఫా = 2.303 × శోషణ ÷ మందం. 400 నానోమీటర్ల దగ్గర ఇంప్లాంట్ అయిన శాంపిల్ శోషణలోంచి మారని శాంపిల్ శోషణ తీసేస్తే 0.10 మిగిలిందనుకుందాం. మందం స్థానంలో షీటు మొత్తం 250 మైక్రాన్లు వేస్తే ఆల్ఫా సెంటీమీటరుకు 9.2. మారిన పొర 0.35 మైక్రాన్లు వేస్తే సుమారు 6600. ఏడు వందల రెట్ల తేడా. మొదటి అంకె ఏ పదార్థానికీ చెందదు. ముందు మారని శాంపిల్‌ను తీసివేయాలి, తర్వాత పొర మందంతో భాగించాలి. పరికరంలో మారని ముక్కను రిఫరెన్స్ గూట్లో పెడితే తీసివేత దానంతటదే జరుగుతుంది, అయితే రెండూ ఒకే షీటు నుంచి కోసినవై ఉండాలి.

ఆ తర్వాత ప్రతిఫలనం. పీఎంఎంఏ వక్రీభవన గుణకం 1.49, పై ముఖం మీద వెలుగులో 3.9 శాతం వెనక్కి పోతుంది. కార్బన్ చేరి, పొర బిగిసి గుణకం 1.7 అయితే 6.7 శాతం వెనక్కి పోతుంది. ఈ తేడాయే 0.013 శోషణలా కనిపిస్తుంది. 10¹³, 10¹⁴ శాంపిళ్లలో మీకు దొరికే సిగ్నల్ అంతే ఉండొచ్చు! ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (వెనక్కి వచ్చిన వెలుగునంతా పోగుచేసే గోళం) ఉంటే ప్రతిఫలనాన్ని విడిగా కొలిచి సరిచేయండి. లేకపోతే, శోషణ లేని 700-800 నానోమీటర్ల ప్రాంతంలో రెండు స్పెక్ట్రాల మధ్య ఎంత ఎడం మిగిలిందో చూసి, దానికంటే చిన్న మార్పుల గురించి ఏమీ చెప్పకండి.

బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను పై స్థాయికి లేపడానికి వెలుగుకు ఉండాల్సిన కనీస శక్తి) కోసం టాక్ గ్రాఫ్ గీస్తారు: ఆల్ఫా × ఫోటాన్ శక్తి, దాని వర్గం లేదా వర్గమూలం, ఎదురుగా ఫోటాన్ శక్తి. ఫోటాన్ శక్తికి 1240ని నానోమీటర్లతో భాగిస్తే చాలు; 290 నానోమీటర్లంటే 4.28 ఎలక్ట్రాన్ వోల్టులు. సరళరేఖను అడుగు అక్షం దాకా పొడిగించి అంకె చదువుతారు. ఇంప్లాంట్ అయిన పాలిమర్‌లో ఆ సరళ భాగం ఎక్కడ మొదలవుతుందో ఎవరికి వారే ఎంచుకోవాల్సి వస్తుంది, తోక పొడవుగా ఉంటుంది కాబట్టి. ఒకే డేటా నుంచి ఇద్దరు 2.4, 2.7 తెచ్చినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఎంచుకున్న శక్తి పరిధి ఏదో రాయండి, రెండో దశాంశ స్థానం మీద వాదన నిలబెట్టకండి. తోక వాలును చెప్పే అర్బాక్ శక్తి, 400, 500, 600 నానోమీటర్ల దగ్గర నేరుగా వచ్చిన ఆల్ఫా విలువలు కూడా పక్కన ఇస్తే చదివేవారికి నమ్మకం కుదురుతుంది.

గ్యాప్ నుంచి కార్బన్ గుంపుల పరిమాణం కట్టడానికి చాలామంది వాడే సూత్రం: గ్యాప్ = 34.3 ÷ పరమాణువుల సంఖ్య వర్గమూలం. గ్యాప్ 4 అయితే గుంపుకు 74 పరమాణువులు, 2 అయితే 294. దీన్ని శాంపిళ్ల మధ్య పోలికకు వాడండి, నిజంగా ఆ గుంపులున్నాయనడానికి రుజువుగా కాదు. రుజువు రామన్ (చెదిరిన లేజర్ వెలుగును బట్టి బంధాలను గుర్తించే కొలత) నుంచి రావాలి.

వక్రీభవన గుణకాన్ని ఎలిప్సోమెట్రీతో కొలవొచ్చు. పొర పై నుంచి కింది దాకా ఒకేలా ఉండదు కనుక, ఒకే పొర నమూనా సరిపోకపోతే రెండు మూడు ఉపపొరలుగా విడగొట్టి అమర్చండి. తక్కువ డోసుల్లో శోషణ ఇంకా పెద్దగా పెరగకముందే గుణకం పెరుగుతుంది. పీఎంఎంఏలో అయాన్లతో వెలుగు వేవ్‌గైడ్‌లు (వెలుగును నడిపించే సన్న దారులు) గీయగలిగేది ఆ సన్నని సందులోనే. డోస్ పెంచుకుంటూ పోతే గుణకం ఇంకా పెరుగుతుంది కానీ వెలుగు మధ్యలోనే ఆరిపోతుంది.

నిర్మాణం కొలత

పరారుణ కొలతలో ఏటీఆర్ పద్ధతి వాడతాం, అంటే శాంపిల్‌ను ఒక స్ఫటికానికి నొక్కి పెట్టి, స్ఫటికం గుండా వెళ్లే వెలుగుతో పైపొరను చూడడం. ఏ స్ఫటికం వాడుతున్నారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. సెంటీమీటరుకు 1700 తరంగసంఖ్య దగ్గర, 45 డిగ్రీల కోణంలో వజ్రపు స్ఫటికం చూసే లోతు దాదాపు 1.2 మైక్రాన్లు, అందులో మారిన పొర పావు వంతు చిల్లర. జెర్మేనియం అయితే 0.39 మైక్రాన్, దాదాపు మారిన పొర మందమే. షీటును మధ్యలోంచి వెలుగు పంపి కొలిస్తే మాత్రం ఏ మార్పూ కనిపించదు. "ఇంప్లాంటేషన్ వల్ల మార్పు లేదు" అనే తప్పుడు నిర్ణయం అలా వస్తుంది. జెర్మేనియం పెళుసు, గట్టిగా నొక్కితే చిట్లుతుంది, మారిన పొర కూడా గీరుకుపోతుంది. ఒత్తిడి అన్ని శాంపిళ్లకూ ఒకేలా ఉంచాలి.

చూడాల్సినవి: పీఎంఎంఏలో 1730 దగ్గరి కార్బొనిల్, 1150-1240 మధ్య ఎస్టర్ శిఖరాలు, 2950 దగ్గరి కార్బన్-హైడ్రోజన్ తగ్గుతాయి. పక్క గొలుసులోని ఎస్టర్ ముందుగా ఊడుతుంది. పాలికార్బొనేట్‌లో 1770 దగ్గరి కార్బొనేట్ ముందు బలహీనపడుతుంది, బెంజీన్ వలయాలు ఎక్కువసేపు నిలుస్తాయి. 1600 దగ్గర వెడల్పుగా లేచేది కొత్త జంట బంధాలు. 3200-3500 మధ్య ఉబ్బు కనిపిస్తే అది చాంబర్‌లో పుట్టింది కాకపోవచ్చు. తెగిన బంధాల కొసలు బయటి గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసి వచ్చింది కావచ్చు.

రామన్‌లో 10¹⁴ లోపు శాంపిళ్లకు ఫ్లోరెసెన్స్ పెరిగి శిఖరాలను ముంచేస్తుంది, దాన్ని వైఫల్యం అనుకోకండి. డోస్ పెరిగేకొద్దీ అది అణగిపోయి, 1350, 1580 దగ్గర డీ, జీ అనే రెండు వెడల్పైన గుట్టలు లేస్తాయి, హైడ్రోజన్ పోయి కార్బన్ వలయాలు జతకట్టాయనడానికి గుర్తు. లేజర్ శక్తిని ఒక మిల్లీవాట్ కిందే ఉంచండి. నల్లబడిన పొర వెలుగును పీల్చి కాలిపోతే, ఆ రెండు గుట్టలను మీ లేజరే తయారుచేస్తుంది. ఒకే చోట రెండుసార్లు వరుసగా స్కాన్ చేసి, స్పెక్ట్రమ్ మారలేదని తేల్చుకోవాలి.

ఎక్స్ఆర్‌డీ (ఎక్స్ కిరణాల వివర్తనం) విషయంలో కాస్త కఠినంగానే చెప్పాలి. మామూలు పద్ధతిలో ఎక్స్ కిరణాలు షీటు మొత్తాన్ని చూస్తాయి. పాలికార్బొనేట్‌కు 17 డిగ్రీల దగ్గర ఉండే వెడల్పైన గుట్ట అర శాతం తగ్గినా పెరిగినా దానికి పైపొర కారణం కాదు, శాంపిల్ పెట్టిన తీరు కారణం. ఒక డిగ్రీ లోపు వాలు కోణంతో గ్రేజింగ్ పద్ధతిలోనే తీయండి, అప్పుడు కూడా పలుచని పొర నుంచి సిగ్నల్ తక్కువని తెలుసుకోండి. ఆ అస్ఫటిక గుట్ట వెడల్పును షెర్రర్ సూత్రంలో వేసి స్ఫటిక పరిమాణం రాయడం అర్థంలేని పని, అక్కడ స్ఫటికాలే లేవు.

కప్పిన అంచు దగ్గర మెట్టు కొలవడం చవకైన, చాలా చెప్పే కొలత. 10¹⁵ పైన పదుల నానోమీటర్ల కుదింపు కనిపిస్తుంది, పీఎంఎంఏలో ఎక్కువ. ఆ మెట్టు విలువను పొర మందం లోంచి తీసేసి ఆల్ఫాను మళ్లీ లెక్కేయండి. నీటి చుక్క కోణం కూడా కొలవొచ్చు కానీ అది పైనున్న ఒకటి రెండు నానోమీటర్ల సంగతే చెబుతుంది. చాంబర్‌లోని నూనె ఆవిరి, వేలి ముద్ర, ఒక రోజు గాలి, ఏదైనా దాన్ని మార్చేస్తుంది.

కొలతల మధ్య కాలం

తెగిన బంధాల కొసలు రోజుల తరబడి చర్య జరుపుతూనే ఉంటాయి. ఇంప్లాంట్ అయిన రోజు ఉన్న రంగు వారానికి కాస్త తేలిపోవచ్చు, కార్బొనిల్ శిఖరం మళ్లీ పెరగవచ్చు. ఒక శాంపిల్ మరుసటి రోజు, ఇంకొకటి నెల తర్వాత కొలిస్తే డోస్ ప్రభావంలో కాలం ప్రభావం కలిసిపోతుంది. చాంబర్ తెరిచిన గంట నుంచి లెక్కపెట్టి, అన్నింటికీ ఒకే గడువు పెట్టుకోండి. భువనేశ్వర్ నుంచి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా ప్రయాణం కూడా అందులో కలపండి. కొలిచే వరకు చీకట్లో, డెసికేటర్‌లో ఉంచాలి. సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. నెల తర్వాత అవే శాంపిళ్లను మళ్లీ కొలిస్తే ఎంత మార్పు నిలిచింది, ఎంత గాలికి తిరిగి మారింది అన్న రెండో ఫలితం దొరుకుతుంది.

ప్రతి శాంపిల్ డబ్బా మీద ఈ వివరాలు ఉండాలి: పాలిమర్ పేరు, షీటు బ్యాచ్ నంబర్, అయాన్, దాని ఆవేశం, శక్తి, కరెంటు, సమయం, ఫ్లూయెన్స్, హోల్డర్‌లో ఏ స్థానంలో ఉంది, చాంబర్ తెరిచిన తేదీ, గంట. హోల్డర్ స్థానం ఎందుకంటే, స్కాన్ అంచున ఉన్న శాంపిల్‌కు డోస్ కొంత తక్కువ పడొచ్చు. ఒక శాంపిల్ గ్రాఫ్‌లో వరుస తప్పి నిలిస్తే మొదట వెతకాల్సింది అక్కడే.